ధనత్రయోదశికి బంగారు బిళ్ళ కొనే ముందు

పదేళ్ళ కిందట ఒక ధనత్రయోదశికి మా ఆవిడ ముచ్చటపడితే బ్యాంకులో పది గ్రాముల గోల్డ్ కాయిన్ కొన్నాను. బ్యాంకు కదా, మోసం ఉండదని ధీమా. నిజంగానే మోసం లేదు. మేలిమి బంగారం, సీలు వేసిన ప్యాకెట్. నాలుగేళ్ళకు పిల్లవాడి ఇంజనీరింగ్ ఫీజు టెన్షన్ వచ్చి, దాన్ని అదే బ్రాంచికి పట్టుకెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి నవ్వి, "మేం అమ్ముతాం గానీ కొనం సార్" అంది. ఆమె తప్పేమీ లేదు. అమ్మిన నాణేలను బ్యాంకులు తిరిగి కొనకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. అది కొన్నరోజు నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చివరికి నగల కొట్టుకు వెళ్తే ఆయన ప్యాకెట్ చింపి, గీటురాయి మీద రుద్ది చూసి, రెండు శాతం కోత వేసి డబ్బు చేతిలో పెట్టాడు.

అప్పటి నుంచి బిళ్ళ కొనబోయే ప్రతిచోటా ముందు ఒకటే అడుగుతున్నాను. దీన్ని రేపు మీరే వెనక్కి తీసుకుంటారా? ఏ రేటుకు? ఆ మాట బిల్లు మీద రాసిస్తారా? పండగ రోజు రద్దీలో ఈ ప్రశ్న వేస్తే సేల్స్‌మన్ విసుక్కుంటాడు. అందుకే పండగకు వారం పది రోజుల ముందే, మధ్యాహ్నం ఖాళీ వేళ చూసుకుని వెళ్ళాలి. ముహూర్తం పట్టింపు ఉన్నవాళ్ళు అప్పుడు మాట్లాడుకుని, అడ్వాన్సు కట్టి, పండగ రోజు తెచ్చుకోవచ్చు. రేటు పెరిగినా తగ్గినా ఏది వర్తిస్తుందో మాత్రం రసీదు మీద రాయించుకోండి.

ఇక అసలు లెక్క. సులువుగా ఉండడానికి గ్రాము మేలిమి బంగారం 10,000 రూపాయలు అనుకుందాం. గ్రాము బిళ్ళకు మేకింగ్, అంటే తయారీ ఖర్చు, 5 శాతం వేశారనుకోండి, 10,500 అయింది. దాని మీద జీఎస్టీ 3 శాతం, అంటే 315. మీ జేబులోంచి పోయింది 10,815. అదే రోజు వెనక్కి ఇస్తే రెండు శాతం కోత పోను వచ్చేది 9,800. గ్రాము రేటు 11,036కి చేరితే గానీ మీ డబ్బు మీకు రాదు. అదే పది గ్రాముల బిళ్ళ ఒక్కటి తీసుకుని, మేకింగ్ 2 శాతానికి మాట్లాడుకుంటే మొత్తం 1,05,060. ఒక్కో గ్రాము బిళ్ళలు పది విడివిడిగా కొంటే 1,08,150. బంగారం అంతే, 3,090 రూపాయలు తేడా. లక్ష్మీదేవి బొమ్మ, రంగు అట్టపెట్టె, పండగ డిజైన్ అంటూ మేకింగ్ పెంచుతూ పోతారు. అమ్మేటప్పుడు ఆ బొమ్మకు పైసా రాదు. పసిపిల్లల బారసాలకు పెట్టడానికైతే గ్రాము బిళ్ళ బాగుంటుంది, కాదనను. దాచుకోవడానికైతే కాసు, అంటే 8 గ్రాములు, లేదా పది గ్రాములు మేలు. అలాగని వంద గ్రాముల బిస్కెట్ ఒక్కటే కొంటే, లక్ష రూపాయల అవసరం వచ్చినా మొత్తం అమ్ముకోవాల్సిందే.

బిల్లులో బరువు, స్వచ్ఛత, గ్రాము రేటు, మేకింగ్, జీఎస్టీ విడివిడిగా కనబడాలి. ప్యాకెట్ మీద సీరియల్ నంబరు ఉంటే అదీ బిల్లులో ఉండాలి. "చిట్టీ రాసిస్తాం, జీఎస్టీ తగ్గుతుంది" అనే కొట్లో ఎంత తెలిసినవాళ్ళున్నా కొనకండి. కొన్నది 2 లక్షలు దాటితే పాన్ ఇవ్వాలి. 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం కొట్టువాడికి నిషేధం.

హాల్‌మార్క్ విషయంలో చాలామంది పొరబడతారు. నగల మీద హాల్‌మార్క్‌ను తప్పనిసరి చేసిన ఉత్తర్వు బిస్కెట్లను, నాణేలను మినహాయించింది. కాబట్టి బిళ్ళ మీద ఆ గుర్తు లేనంత మాత్రాన అది దొంగది కాదు. గుర్తు ఉండి, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఆమోదించిన రిఫైనరీ లేదా మింట్‌ది అయితే ఇంకా మంచిది. 2015 నవంబరులో వచ్చిన ఇండియన్ గోల్డ్ కాయిన్‌కు ఒకవైపు అశోకచక్రం, రెండోవైపు గాంధీ ఉంటాయి, 24 క్యారెట్లు. వెయ్యి పాళ్ళలో మేలిమి ఎంతో చెప్పే 999, 995, 916 అన్న అంకెల్లో ఏది ముద్రించారో చూసి, మీరు కట్టేది ఆ స్వచ్ఛతకు తగ్గ రేటేనా అని సరిపోల్చుకోండి. 916 బిళ్ళకు, అంటే 22 క్యారెట్ల దానికి, 24 క్యారెట్ల రేటు వేసిన బిల్లు నా కళ్ళతో చూశాను. అడిగితే "కంప్యూటర్ తప్పు" అన్నారు.

నకిలీల గురించి. ఇత్తడికి పూత పూసిన బిళ్ళను తక్కెడే పట్టిస్తుంది, అదే సైజులో అది బాగా తేలిక. భయపడాల్సింది టంగ్‌స్టన్‌కు. దాని సాంద్రత దాదాపు బంగారమంతే, 19.3కు అటూ ఇటూ. పైన మందంగా బంగారం పూస్తే బరువు, సైజు రెండూ సరిపోతాయి. కొట్లో ఉండే క్యారెట్ మీటరు పైపొరనే చదువుతుంది, లోపలికి పోదు. పెద్ద బిస్కెట్లకు అల్ట్రాసౌండ్ పరీక్ష అడగాలి. చిన్న బిళ్ళలను, ఎవరి దగ్గరో చౌకగా దొరికాయని కాకుండా, బిల్లు ఇచ్చే చోట కొనడమే దారి. సీలు ప్యాకెట్‌ను ఇంటికొచ్చాక ముచ్చట కోసం చింపకండి. చింపిన బిళ్ళకు మళ్ళీ పరీక్ష, మళ్ళీ కోత. ఆన్‌లైన్లో కొంటే పార్సిల్ విప్పుతున్నప్పుడు మొదటినుంచీ ఆపకుండా వీడియో తీయండి.

పండగ సీజన్లోనే ఇంకో బెడద బయల్దేరుతుంది. "ఇల్లు తవ్వుతుంటే లంకెబిందె దొరికింది, బయటికి చెబితే సర్కారు పట్టుకుపోతుంది, మీరు మంచివాళ్ళని..." అంటూ ఫోను వస్తుంది, లేదా బస్టాండులో ఎవరో మాట కలుపుతారు. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులకూ ఇది పాత కేసే. ముందు ఒకటో రెండో నాణేలు ఇస్తారు. కంసాలికి చూపించుకోమంటారు. అవి నిఖార్సయిన బంగారమే. ఆ తర్వాతే ఊరి బయటికి రమ్మంటారు, మూట చేతికిస్తారు, దూరంగా "పోలీసులు" అని ఎవరో అరుస్తారు. ఇంటికొచ్చి విప్పితే ఇత్తడి. మోసపోయినవాడు ఫిర్యాదు చేయడానికి కూడా వెనకాడతాడు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు చెప్పాలి, దాచిపెట్టడం నేరం. దొంగ ధైర్యమంతా మీ మొహమాటం మీదే నిలబడి ఉంటుంది.

నాణేలు సేకరించేవాళ్ళ సంగతి వేరు. అమ్మమ్మ కాసులపేరులో జార్జి రాజు బొమ్మ ఉన్న సవరన్లు, అంటే బ్రిటిష్ బంగారు నాణేలు, ఉన్నాయేమో చూడండి. అసలు సవరన్ 7.98 గ్రాములు, 22 క్యారెట్లు, అడ్డంగా 22 మిల్లీమీటర్లు. బొమ్మ మాత్రం అచ్చుకొట్టిన పల్చటి కాసులు ఇంతకంటే చాలా తేలిక. 1918లో బొంబాయిలో కూడా సవరన్లు ముద్రించారు. వాటి మీద ఇంగ్లీషు ఐ అక్షరం చిన్నగా ఉంటుంది. కొక్కెం అతికించినా, బెజ్జం వేసినా సేకరణ విలువ పోయి బంగారం ధరే మిగులుతుంది. పండగకు నగలతో పాటు వాటినీ కుంకుడుకాయ రసంలో వేసి బ్రష్షుతో తోమే అలవాటు మన ఇళ్ళలో ఉంది, నాణేలకు అది వద్దు. ఒక్కో గీతకూ ధర పడిపోతుంది. ఇంకోటి, నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు. అమెరికా వెళ్ళే అమ్మాయి సూట్‌కేసులో అమ్మమ్మ గుర్తుగా పెట్టి పంపితే విమానాశ్రయంలో చిక్కే.

అటు నుంచి తెచ్చేవాళ్ళకూ ఒక మాట. డాలస్ నుంచి మా బావమరిది అమెరికన్ ఈగిల్ అనే బంగారు నాణెం ఒకటి తెచ్చాడు. అందులో ఒక ఔన్సు, అంటే 31.1 గ్రాముల మేలిమి బంగారం ఉంటుంది. కానీ అది 22 క్యారెట్ల నాణెం కాబట్టి మొత్తం బరువు 33.93 గ్రాములు. విజయవాడలో కొట్టువాడు "ఔన్సు అంటే 31.1, ఇది 22 క్యారెట్లు" అని 28.5 గ్రాముల మేలిమికి లెక్కకట్టాడు. తక్కెడలో పెట్టించేదాకా ఒప్పుకోలేదు. రెండున్నర గ్రాములు ఊరికే పోయేవి. దక్షిణాఫ్రికా క్రూగరాండ్‌కూ ఇదే లెక్క. కెనడా మేపుల్ లీఫ్ 24 క్యారెట్లు కనుక దానికి ఈ గొడవ లేదు. కస్టమ్స్‌లో నగలకు ఇచ్చే ఉచిత పరిమితి నాణేలకు, బిస్కెట్లకు వర్తించదు. సుంకం కట్టాల్సినవాళ్ళు వెళ్ళే రెడ్ ఛానెల్‌కు వెళ్ళి, బిల్లు చూపించి, సుంకం కట్టి, ఆ రసీదు దాచుకోవాలి. కనీసం ఆరు నెలలు విదేశంలో ఉన్న భారతీయ మూలాలవాళ్ళు తగ్గింపు సుంకంతో కిలో దాకా తెచ్చుకోవచ్చు.

లాకర్లో పెట్టాం, ఇక ఫర్వాలేదు అనుకోవద్దు. దొంగతనం జరిగినా, మంటలు వచ్చినా, సిబ్బంది మోసం చేసినా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె 3,000 అయితే 3 లక్షలు. వరదకు అదీ లేదు, 2024లో బుడమేరు పొంగడం చూసిన విజయవాడ వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కొంచెం ఎక్కువ ఉంటే బీమా చేయించండి. అప్పు కావాలంటే బిస్కెట్ మీద బ్యాంకు ఇవ్వదు, నాణేల మీద మనిషికి 50 గ్రాముల వరకే. ఐటీ సోదాల్లో పెళ్ళయిన స్త్రీకి 500 గ్రాముల వరకు జప్తు చేయరని చెప్పుకుంటారు కదా, 1994 నాటి ఆ సూచన నగల గురించే. బిళ్ళలకు బిల్లే దిక్కు. రెండేళ్ళు దాటాక అమ్మితే లాభం మీద పన్ను 12.5 శాతం, లోపే అమ్మితే మీ ఆదాయం శ్లాబు ప్రకారం. ఎంతకు కొన్నారో చూపించాల్సింది మీరే.

ఆ బిల్లు చాలా కొట్లలో థర్మల్ కాగితం మీద వస్తుంది. కొన్నరోజే జిరాక్సు తీసి, ఫోటో కొట్టి పిల్లలకు పంపి ఉంచండి. ఫీజు కోసం నేను బీరువా తీసేసరికి నా బ్యాంకు బిల్లు మీద ఒక్క అక్షరం మిగల్లేదు.