పెద్దల మతిమరుపు, ఇంటి కాగితాలు – పాఠం 3: జీపీఏ ఉందిగా అనుకునేవాళ్లకు

పోయిన పాఠంలో డాక్టరు పరీక్షల దాకా వచ్చాం. ఇక కాగితాల పని. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్ల ఇళ్లలో ఒక చిక్కు మామూలే: ఇల్లు ఒడిశాలో, పొలం పాతపట్నం దగ్గరో పార్వతీపురం దగ్గరో, పిల్లలేమో విశాఖలో. అందుకని నాన్నగారి చేత పెద్దకొడుకు పేరున జీపీఏ (తన తరఫున పనులు చేసే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించేసి, ఇంక టెన్షన్ లేదని కూర్చుంటారు.

అసలు టెన్షన్ అక్కడే ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషికి మతిస్థిమితం తప్పితే ఆ అధికారం కూడా అక్కడితో ఆగిపోతుంది. రిజిస్టరు చేయించినా అంతే. అంటే ఏ రోజు కోసమని రాయించారో ఆ రోజుకే అది పనికిరాదు. అమెరికాలో ఉన్న బావగారు ఫోన్ చేసి డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మతి తప్పాక కూడా చెల్లేది, తీసుకోండి అంటారు. అది అక్కడి చట్టం, మనకు లేదు. నాన్నగారికి ఏమీ తెలియని స్థితిలో ఆ జీపీఏతో పొలం అమ్మితే, రేపు చెల్లెలో బాబాయి కొడుకో కోర్టుకెక్కితే మీ దగ్గర జవాబుండదు.

మరి ఏం చెయ్యాలి? తొలి దశలోనే వీలునామా రాయించండి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని డాక్టరు చీటీ మీద రాసినంత మాత్రాన వీలునామా హక్కు పోదు. రాసే వేళకు తానేం చేస్తున్నదీ తెలిస్తే చాలని 1925 వారసత్వ చట్టం 59వ సెక్షన్ చెబుతుంది. ఇద్దరు సాక్షులు కావాలి. వాళ్లు ఆస్తి వచ్చేవాళ్లు కాకుండా చూసుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ నా మాట వినండి, చేయించండి.

ఆ రోజే డాక్టరు చేత సర్టిఫికెట్ రాయించుకోండి. "ఆరోగ్యంగా ఉన్నారు" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. నీకెంత భూమి ఉంది, ఎక్కడుంది, పిల్లలెంతమంది, ఎవరికేం ఇస్తున్నావు, ఎందుకు అని అడిగితే ఆయన ఏం చెప్పారో అందులో ఉండాలి. ఆయన ఏ పూట తేరుకుని ఉంటారో మీకే తెలుసు, చాలామందికి పొద్దున్నే నయం, సాయంత్రమైతే తికమక ఎక్కువ. అడిగేటప్పుడు పెళ్లిచూపుల్లో పిల్లకు పాట అందించినట్టు పక్కనుంచి అందించకండి. ఆయన తెలుగే మాట్లాడితే తెలుగులోనే అడగనివ్వండి. ఒడియా కాగితం మీద సంతకం పెట్టేముందు తెలుగులో చదివి వినిపించినట్టు అందులోనే రాయించండి.

గిఫ్టు డీడు రాసిచ్చేస్తానని ఆయనే అంటే, తనను చూసుకోవాలనే షరతు తప్పక పెట్టించండి. అలా ఉంటేనే 2007 వృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద, చూడనివాళ్ల దగ్గర్నుంచి వెనక్కి తీసుకునే దారి గట్టిగా ఉంటుంది. కొడుకులకు ఇది నచ్చదు, నచ్చకపోనివ్వండి.

బ్యాంకు ఖాతాను అమ్మతో కలిపి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ముందే మార్పించండి. ఆలస్యమైతే సంరక్షకుణ్ణి నియమించమని హైకోర్టు దాకా వెళ్లాల్సి రావచ్చు. అటు కటక్, ఇటు అమరావతి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆ నియామకం కలెక్టరాఫీసులోనే అయిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి, అందులో డిమెన్షియా లేదు.

ఇక తలుపు సంగతి. పర్లాకిమిడిలో ఇంట్లోంచి బయటపడ్డ మనిషి తిన్నగా నడిస్తే పాతపట్నం చేరతారు. రాష్ట్రం మారింది, పోలీస్ స్టేషన్ మారింది, భాషా మారింది. అందుకని లాల్చీ లోపలి వైపు గుడ్డముక్క కుట్టి, పేరూ ఫోన్ నంబరూ తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి. జేబులో చీటీ పెడితే ఆయనే తీసి పారేస్తారు. కనిపించకపోతే 24 గంటలు ఆగాలన్న రూలేమీ లేదు, వెంటనే 112కు ఫోన్ చేసి రెండు వైపుల స్టేషన్లకూ ఫొటో పంపండి. బయటి గొళ్లెం పెట్టి ఆయన్ని ఒంటరిగా వదిలి మాత్రం వెళ్లకండి, నిప్పంటుకుంటే ఆయన బయటికి రాలేరు.

ఈ వారం పని: పట్టా, అడంగల్, బ్యాంకు పాస్‌బుక్, పెన్షన్ కాగితాలు ఒక్క సంచిలో పెట్టి, ఏది ఎవరి పేరున ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే మొదలుపెడదాం.