చెట్టు నీడలో నేలతాడి నాటేముందు

నేలతాడి అంటే నేలలో గడ్డ ఊరే చిన్న మందుమొక్క. ఆ గడ్డ ఎక్కడిదో ముందు అడగండి. పెనుశిల నరసింహ అభయారణ్యంలో తవ్వి తేవడం నేరం, పైగా గడ్డతో సహా లాగేస్తే అక్కడ మొక్కే మిగలదు. నర్సరీలో పెంచిందే కొనండి.

మొలక కన్ను ఉన్న 2 సెంటీమీటర్ల ముక్కలే నాటాలి. ముక్క కోసిన చోటు ముందు నీడలో ఆరాలి.

అసలు భయం అక్టోబరు, నవంబరు వానలతోనే. వాయుగుండం పట్టిందంటే నెల్లూరు, ఒంగోలు వైపు మడుల్లో నీళ్లు నిలుస్తాయి, గడ్డ మెత్తబడి కుళ్లిపోతుంది. నల్లరేగడిలో మరీను. మడిని జానెడు ఎత్తు లేపి ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. ముందుగా చిన్న గుంత తీసి నీళ్లు పోసి చూడండి. గంటకూ ఇంకకపోతే ఆ చోటు వదిలేయండి.

పడమటెండ తగలకూడదు, ఆకులు మాడతాయి.

వేసవిలో ఆకులెండితే చచ్చిందని తవ్వకండి, లోపల గడ్డ బతికే ఉంటుంది. గుర్తుకు పుల్ల గుచ్చండి.