గ్యారేజీలో జింకను వేలాడదీసే వించ్ బిగించడం ఎలా?

వేటకు చట్టం ఒప్పుకునే చోట, లైసెన్సు మీద కొట్టిన జింకను నేల మీద పడేసి కోయడం కంటే వేలాడదీసి కోయడం మేలు. మాంసానికి మట్టీ వెంట్రుకలూ అంటవు, నడుమూ విరగదు. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిదల్లా ఆ బరువు ఎక్కడికి పోతుందన్నది. పైకప్పు చెక్కకు అడుగు నుంచి ఓ కొక్కెం మరతిప్పి, దానికో గిలక తగిలించి, పని అయిపోయిందనుకుంటారు. మొదటి జింకకు ఆగుతుంది. తర్వాత ఎప్పుడో చెక్కను చీల్చుకుని ఊడి వస్తుంది, అప్పటికి కింద కత్తి పట్టుకుని ఎవరో ఒకరు నిలబడి ఉంటారు.

సామాను పెద్దగా ఏమీ లేదు. పిడి తిప్పితే డ్రమ్ముకు తాడు చుట్టుకుంటూ కనీసం 300 కిలోలు లాగే చేతి వించ్, 3/16 అంగుళం జీఐ వైరు తాడు, 4 అంగుళాల ఉక్కు గిలకలు రెండు, వాటికి ఇరుసులుగా అర అంగుళం బోల్టులు, మధ్యలో అతుకు లేని 2×8 అంగుళాల పలకలు రెండు, జింక వెనక కాళ్లు తగిలించే ఇనుప బద్ద. ఈ బద్దను గ్యాంబ్రెల్ అంటారు. నాలుగు చక్రాలతో, సన్నటి నైలాన్ తాడుతో వచ్చే కిట్లు కొనకండి. ఆ తాడు చేతులు కోస్తుంది, మెలిపడుతుంది, దాన్ని పట్టి ఉంచే పళ్లు కొవ్వు తగలగానే జారతాయి.

చోటు చూసేముందు గ్యారేజీ తలుపు పూర్తిగా పైకెత్తండి. తలుపు పట్టాలు, మోటారు కడ్డీ ఎంతవరకు వస్తున్నాయో నేల మీద సుద్దతో గీయండి. ఆ గీత దాటాక, చుట్టూ నాలుగడుగులు తిరిగే ఖాళీ ఉన్న చోటే పనికొస్తుంది. ఎత్తు సంగతీ చూసుకోండి. పెద్ద మగజింక వెనక కాలి మడమ నుంచి ముక్కు దాకా ఆరేడు అడుగులు ఉంటుంది. పైకప్పు 8 అడుగులే అయితే తల తీసేశాకే ఎత్తండి.

ఇక అసలు పని, దూలం. ఇక్కడ తొందరపడకండి.

పేగులు తీసిన జింక 70 కిలోలు ఉందనుకోండి. తాడు గిలక మీదుగా వెళ్లి నిలువునా కిందికి దిగితే ఒకవైపు జింక 70, మరోవైపు వించ్ 70 లాగుతాయి. గిలకను పట్టుకున్న బోల్టు మీద పడేది 140. తాడు గిలక దాటాక అడ్డంగా గోడవైపు వెళ్తే బోల్టు మీద దాదాపు 100 కిలోలు పడుతుంది, అదీ 45 డిగ్రీల వాలులో. కొక్కేలను ఊడగొట్టేది ఈ పక్కలాగుడే. కొనకు రింగు ఉండే మామూలు ఐబోల్టు నిలువు బరువుకు చేసింది. రింగు మొదట్లో కాలర్, అంటే గుండ్రటి అంచు, ఉన్న మంచిరకమైనా 45 డిగ్రీల దగ్గర దాని బలం మూడో వంతు కూడా మిగలదు.

అందుకని కొక్కెం జోలికే పోకండి. అటకెక్కి, ట్రస్సుల (పైకప్పును మోసే త్రికోణపు చెక్క చట్రాల) అడుగు కర్రల మీద రెండు పలకలనూ జంటగా, అంచు మీద నిలబెట్టి పరచండి. దూలం ఒక కొన గోడ మీద ఆనాలి, రెండో కొన జింక వేలాడే చోటు దాటి ఇంకో రెండు ట్రస్సుల మీదికి పోవాలి. రెండు పలకల మధ్య గిలక ఇరుక్కోకుండా తిరిగేంత సందు ఉంచండి. ప్రతి ట్రస్సు దగ్గర ఆ సందులో అడుగున 3 అంగుళాల ఎత్తు చెక్కముక్క పెట్టి బిగిస్తే పలకలు దగ్గరకు రావు, తాడు వాటి పైనుంచి పోతుంది. గిలకలను సందులోనే, పలకల ఎత్తుకు సగంలో, ఇరుసు రెండు పలకల గుండా పోయేలా పెట్టండి. ఒకటి జింక పైన, రెండు ట్రస్సుల నడుమ. రెండోది గోడ పక్కన. రెండు గిలకలూ ఒకే దూలంలో ఉన్నాయి కాబట్టి ఒకదాని పక్కలాగుడు ఇంకోదానితో దూలంలోనే సరిపోతుంది. ట్రస్సుల మీద నిలువు బరువే పడుతుంది, అదీ మూడు నాలుగింటికి పంచుకుని.

ట్రస్సుకు మాత్రం ఎక్కడా రంధ్రం వేయకండి, కోయకండి. దూలం పక్కకు ఒరగకుండా ఇనుప ఎల్ పట్టీలు చిన్న మరమేకులతో బిగిస్తే చాలు. ట్రస్సులు ఇప్పటికే కుంగి ఉన్నా, అటక మీద సామాను నింపి ఉన్నా ఇంజనీరుకు చూపించకుండా ఈ పని మొదలుపెట్టకండి.

మిగతాది తేలిక. వించ్‌ను నడుము ఎత్తులో, రెండు గోడ నిట్రాళ్లకు అడ్డంగా బిగించిన మందపాటి పలక మీద పెట్టండి. బ్రేకు తనంతట తానే పడేదే తీసుకోండి. పడవల ట్రెయిలర్లకు వాడే పళ్లచక్రం రకంలో మీట వదిలిన క్షణాన బరువంతా పిడి మీదికొస్తుంది. పిడి చేయి జారితే గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. జింక పూర్తిగా కిందికి దిగినప్పుడు కూడా డ్రమ్ము మీద మూడు చుట్లు మిగలాలి. వైరు కొనను మడిచిన చోట థింబుల్ (మడత నలగకుండా కాపాడే ఇనుప గాడి) పెట్టి క్లిప్పులు వేసేటప్పుడు యూ బోల్టు తాడు పొట్టి కొనవైపు, జీను, అంటే క్లిప్పులో యూ బోల్టు బిగిసే గాడి దిమ్మ, బరువు మోసే వైపు ఉండాలి. తిరగేస్తే యూ బోల్టు మోసే తీగలనే నలిపేస్తుంది. రెండు క్లిప్పులు చాలంటారు. మూడు వేయండి.

జింక కంటే ముందు ఇసుక మూటలు ఎత్తండి, 150 కిలోల దాకా. జానెడు లేపి అరగంట వదిలేసి, అటకలో దూలాన్నీ ట్రస్సులనూ చూడండి. టకటకమని చప్పుడు వచ్చినా, ఎక్కడైనా కొత్తగా పగులు కనిపించినా దించేయండి. పరీక్షకని మీరే పట్టుకుని ఊగకండి.

గ్యాంబ్రెల్ దూర్చేందుకు వెనక మడమ పైన ఎముకకూ నరానికీ (కండను మడమకు కట్టే గట్టి తాడుకు) మధ్య పలచటి తోలు మాత్రమే కోయండి. నరం తెగితే ఆ కాలు నిలవదు. తల కిందికే ఉండాలి. తలపైకి కట్టేవాళ్లున్నారు, కానీ అప్పుడు మిగిలిన రక్తం విలువైన తొడల్లోకి దిగుతుంది. కోసే వరుస కూడా ఇందుకు తగ్గట్టే: ముందు జబ్బలు, తర్వాత వీపు కండలు, మెడ, చివరికి తొడలు. ఒక తొడ తీయగానే గ్యాంబ్రెల్ ఒక్కసారిగా ఒరిగి రెండో కాలు జారిపోతుంది. అందుకే మొదటి తొడ కోసేముందే రెండు కాళ్లనూ బద్దకు తాడుతో కట్టేయండి.

నేల మీద ప్లాస్టిక్ పట్టా పరవకండి, కొవ్వు పడితే మంచులా జారుతుంది. అట్టముక్కలు పరవండి. గ్యారేజీలో 4 డిగ్రీల సెల్సియస్ దాటితే జింకను రాత్రంతా వేలాడదీయకండి, వెంటనే కోసి చల్లబెట్టండి. పనయ్యాక వైరును గోరువెచ్చటి నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడిచాకే డ్రమ్ముకు చుట్టండి.