ఊరంతా ఇష్టపడ్డ పోలీసాయన గురించి సంస్మరణ రాయాలంటే

పదవులు, పతకాలతో మొదలుపెట్టకండి. వాటికి ఒక పేరా చాలు. ఉద్యోగంలో చేరిన సంవత్సరం, పనిచేసిన స్టేషన్లు ఇంట్లోవాళ్లను అడిగి, సర్వీసు కాగితాలతో సరిచూసుకోండి.

అసలు టైమంతా మనుషుల దగ్గర పెట్టండి. నేనైతే పై అధికారుల కంటే ముందు, రాత్రి బీట్‌లో ఆయనతో తిరిగిన కానిస్టేబుల్ దగ్గరికి వెళ్తాను. "చాలా మంచివారండీ" అంటే అక్కడితో ఆగకండి, "ఏం చేసేవారు?" అని అడగండి. ఫిర్యాదు ఇవ్వడానికొచ్చి నోరు పెగలక నిలబడిపోయిన ముసలామెకు తన కుర్చీ వేసి, చెప్పిందంతా రాసుకుని, మళ్లీ చదివి వినిపించాకే వేలిముద్ర వేయించుకున్నారు: ఇలాంటిది ఒక్కటి దొరికితే పది పొగడ్తలు కొట్టేయొచ్చు. ఆయన మందలించి వదిలేసిన కుర్రాడు ఇప్పుడు పెద్దవాడై ఉంటాడు. అతన్నీ కలవండి, పేరు మాత్రం ఒప్పుకుంటేనే రాయండి.

కేసుల దగ్గర చాలా జాగ్రత్త. బాధితుల పేర్లు, ఆనవాళ్లు వద్దు. కోర్టులో నడుస్తున్నవి ముట్టుకోవద్దు.

ఆయనకు ముక్కుమీద కోపమైతే అదీ రాయండి, తెలిసినవాళ్లు మిగతాదంతా నమ్ముతారు. అచ్చుకిచ్చే ముందు ఆయన భార్యకో పిల్లలకో చదివి వినిపించండి. వాళ్లు వద్దన్న వాక్యం ఎంత బాగున్నా తీసేయండి.