కారు ఏసీ చల్లబడటం లేదా? గ్యాస్ జోలికి ఆఖరున వెళ్లండి

ఏటా ఏప్రిల్ రాగానే మొదలవుతుంది. ఏసీ చల్లబడటం లేదంటే చాలు, బానెట్ ఎత్తకుండానే ‘గ్యాస్ అయిపోయింది’ అనేస్తారు. ఏసీ గ్యాస్ పెట్రోలులా కాలిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల మీద కొద్దిగా పోవడం మామూలే. ప్రతి వేసవికీ నింపించాల్సి రావడం మాత్రం మామూలు కాదు. మా బావమరిది ఒకే వేసవిలో మూడుసార్లు నింపించాడు. తీరా చూస్తే, గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ముందున్న ఫ్యాను తిరగడం లేదు.

ఇక్కడ చెప్పేది ఆర్ 134ఏ గ్యాస్ వాడే పెట్రోలు, డీజిలు కార్ల గురించి. బానెట్ కింద అతికించిన చీటీ మీద గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు పట్టేదీ రాసి ఉంటుంది. ఆర్ 1234వైఎఫ్ అని ఉంటే వదిలేయండి, దానికి అంటుకునే గుణం ఉంది. హైబ్రిడ్, విద్యుత్ కార్ల జోలికి అసలు వెళ్లకండి. వాటి కంప్రెసర్‌కు (గ్యాస్‌ను ఒత్తి తిప్పే పంపు) ప్రాణాంతకమైన వోల్టేజి వెళ్తుంది.

ముందు పెద్దగా ఖర్చు లేని పనులు. గాలే తక్కువగా వస్తుంటే ఏసీ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు అర వెనక ఉంటుంది. బూడిదరంగు దుప్పటిలా తయారై ఉంటే మార్చేయండి. దులిపి మళ్లీ పెట్టేవాళ్లను నేను లెక్కలోకి తీసుకోను. ఫ్యాను ఆఖరి వేగంలో మాత్రమే తిరుగుతుంటే ఫ్యాను వేగం మార్చే బ్లోయర్ రెసిస్టర్ పోయింది, చిన్న ఖర్చుతో సరి. విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో వేడిగాలి కొట్టి, హైవే ఎక్కగానే చల్లబడుతుంటే రేడియేటర్ దగ్గరి ఫ్యానునో, దుమ్ముపట్టిన కండెన్సర్‌నో అనుమానించండి. కండెన్సర్‌ను మామూలు గొట్టంతో నెమ్మదిగా కడగాలి. కారు కడిగే ప్రెషర్ యంత్రం పెడితే దాని సన్నని రేకులన్నీ వంగిపోతాయి.

తర్వాత ఇంజను ఆన్ చేసి, ఏసీ మీట నొక్కి, కంప్రెసర్ దగ్గర చెవి పెట్టండి. ‘టక్’ మని దాని క్లచ్ (కంప్రెసర్‌ను బెల్టుతో కలిపే భాగం) పట్టుకోవాలి. క్లచ్ లేని కంప్రెసర్లున్న కొత్త కార్లలో ఆ శబ్దం రాదు, కంగారు పడొద్దు. క్లచ్ ఉండీ పట్టుకోకపోతే ఫ్యూజు చూడండి. రిలే (క్లచ్‌కు కరెంటు పంపే స్విచ్) పెట్టెలో అదే నంబరున్న మరో రిలే తీసి మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే గ్యాస్ బాగా తగ్గి, ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేసి ఉండొచ్చు.

గేజ్ (గ్యాస్ ఒత్తిడి చూపే రెండు ముళ్ల పరికరం) చదవడం రానివాళ్లు గ్యాస్ డబ్బా కొనకూడదు. దాని నీలం గొట్టం లావు పైపుకి, ఎర్ర గొట్టం సన్న పైపుకి. ఇంజను ఆపి ఉన్నప్పుడు రెండు ముళ్లూ సమానంగా నిలుస్తాయి. 30 డిగ్రీల వాతావరణంలో దాదాపు 95 పీఎస్‌ఐ. అది చూసి ‘గ్యాస్ నిండుగా ఉంది’ అనేవాళ్లున్నారు. లోపల గరిటెడు ద్రవం మిగిలి ఉన్నా ముల్లు అక్కడే ఉంటుంది! ఇంజను, ఏసీ నడుస్తుండగా చూడాలి. మన ఎండల్లో నీలం వైపు 35 నుంచి 50, ఎరుపు వైపు 200 నుంచి 250 మధ్య ఉంటే చాలావరకు బాగున్నట్టే. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువైంది, లేదా కండెన్సర్‌కు గాలి తగలడం లేదు. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ అయితే కంప్రెసర్ నీరసించింది. అది ఇంట్లో అయ్యే పని కాదు.

గ్యాస్ తక్కువని తేలితే కారేచోటు పట్టాలి. గ్యాస్‌తో పాటు నూనె కూడా బయటికొస్తుంది కాబట్టి, జిడ్డు మీద దుమ్ము పట్టిన అతుకులు చూడండి. సబ్బునీళ్లు పూస్తే పెద్ద కారుడు బుడగలుగా కనిపిస్తుంది. గేజ్ తగిలించే వాల్వు నోటి మీద ముందు ఒక చుక్క వేయండి. ఎన్నోసార్లు దొంగ అక్కడే దొరికాడు. కారుడు మూసేస్తామంటూ అమ్మే మందు డబ్బాలు మాత్రం వద్దు. అవి వాల్వుల్నీ, కంప్రెసర్‌నీ కూడా మూసేయొచ్చు.

అతుకులోని రబ్బరు చుట్ట (ఓ-రింగు) మార్చాలంటే అతుకు విప్పే ముందు, మిగిలిన గ్యాస్‌ను రికవరీ యంత్రమున్న షెడ్డులో తీయించండి. గాలిలోకి వదలొద్దు. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు వెయ్యి రెట్లకు పైమాట. కొత్త రింగుకు గ్రీజు కాదు, ఆ కంప్రెసర్‌కు చెప్పిన నూనే రాయాలి.

అందరూ చెడగొట్టేది గ్యాస్ నింపే దగ్గరే. అతుకు విప్పాక లోపలికి గాలి, తేమ చేరతాయి. వాటి మీదే గ్యాస్ కొట్టేస్తే ఒత్తిడి పెరుగుతుంది, చల్లదనం రాదు, తేమ నూనెతో కలిసి లోహాన్ని తింటుంది. అందుకే వాటిని లాగేసే వాక్యూమ్ పంపు. అద్దెకు తెచ్చుకోండి. పుస్తకాల్లో అరగంట అంటారు, నేను 45 నిమిషాలకు తక్కువ పెట్టను. తర్వాత గేజ్ పిడులు రెండూ బిగించి, పంపు ఆపి, ఇంకో అరగంట ఆగండి. కాఫీ తాగి రండి. ముల్లు కాస్త జరిగినా కారుతున్నట్టో, లోపల తేమ మిగిలినట్టో. ‘కొంచెమే కదా’ అనుకుంటే జూన్‌లో మళ్లీ ఇదే పని.

ఇప్పుడు కళ్లద్దాలు, చేతితొడుగులు వేసుకోండి. ఆర్ 134ఏ మైనస్ 26 డిగ్రీలకే మరిగే ద్రవం. కంట్లో పడితే చూపు పోవచ్చు. డబ్బాను వంటింటి డిజిటల్ కాటా మీద నిలబెట్టి, డబ్బాకు తగిలించిన గొట్టంలోని గాలిని ఒక్క క్షణం బయటికి వదిలి, నీలం వైపు మాత్రమే తెరవండి. ఇంజను నడుస్తుండగా ఎర్ర పిడి తిప్పితే ఆ ఒత్తిడి వెనక్కి డబ్బాలోకి వెళ్లి, అది పేలొచ్చు. డబ్బాను తలకిందులు కూడా చేయొద్దు. ద్రవం కంప్రెసర్‌లోకి దూసుకుపోతే దాని పని అయిపోయినట్టే. నింపడం మందగిస్తే డబ్బాను గోరువెచ్చని నీళ్లలో పెట్టాలి తప్ప మంట చూపించకూడదు.

చీటీ మీద 400 గ్రాములని ఉంటే కాటా మీద 400 తగ్గగానే ఆపండి. పైపు పట్టుకుని ‘చల్లగా తగిలింది, చాలు’ అనే పద్ధతి నాకు నచ్చదు. గ్యాస్ 50 గ్రాములు ఎక్కువైనా చిన్న కారులో చల్లదనం తగ్గుతుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లన అనుకోవడానికి ఇది మజ్జిగలో ఐసు కాదు.

అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగేలా మీట పెట్టి, పది నిమిషాల తర్వాత గాలి వచ్చే చోట థర్మామీటర్ పెట్టండి. మే మధ్యాహ్నం 10, 12 డిగ్రీలు చూపిస్తే బాగా కుదిరినట్టు. కారు కింద నీళ్లు కారితే సంతోషించండి, అది లోపలి తేమ. ముందు సీటు కాళ్ల దగ్గర కారితే మాత్రం ఆ నీటి గొట్టం పూడింది.

గేజ్ తీశాక రెండు వాల్వుల ప్లాస్టిక్ మూతలూ వెతికి బిగించండి. గ్యాస్‌కు ఆఖరి అడ్డు అవే. సగం కార్లలో అవి కనిపించవు.