ముద్ద బయటికి తోసేస్తే కంగారు వద్దు

పాపాయికి 6 నెలలు నిండుతున్నాయా? క్యాలెండర్ ఒక్కటే చూడకండి. మెడ నిలిచిందా, ఆసరా ఇస్తే కూర్చుంటోందా, మీరు తింటుంటే మీ చేతి వంకే చూస్తోందా చూసుకుని పాలతో పాటు మెత్తటి తిండి మొదలుపెట్టండి. మొదట్లో రెండు మూడు చెంచాలు చాలు, కడుపు నింపేవి ఇంకా పాలే.

మెత్తగా మెదపండి కానీ నీళ్లలా చేయొద్దు. చెంచా కాస్త వంచినా జారిపోకూడదు. మరీ పలుచనైతే పొట్ట నిండుతుంది, బలం రాదు. నాలుకతో బయటికి తోసేసిందా? ఇష్టం లేక కాదు, మింగడం ఇంకా నేర్చుకుంటోంది. అదే పదార్థం పదిసార్లు పెట్టాక ఇష్టపడే పిల్లలూ ఉంటారు, టెన్షన్ పడకండి.

ఉప్పు, చక్కెర అక్కర్లేదు. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాకించనే వద్దు, ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే. అందులో ఉండే అవకాశమున్న బొటులిజం అనే తీవ్రమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పసిపిల్లలకు ప్రమాదం.