ప్రత్యామ్నాయ పెట్రోలు మిశ్రమాల పరీక్షకు ముందు జాగ్రత్తలు

విశాఖపట్నం వంటి తీర నగరంలో ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపిన పెట్రోలును స్పార్క్ ఇగ్నిషన్ (నిప్పురవ్వతో ఇంధనాన్ని మండించే) ఇంజనులో పరీక్షించేవారు మొట్టమొదట గాలిలోని తేమను గుర్తుంచుకోవాలి. ఇథనాల్ ఆ తేమను పీల్చుకుంటుంది. నీరు హద్దు దాటితే నీరు, ఇథనాల్ రెండూ కలిసి అడుగుకు దిగి, పెట్రోలు పైన వేరుగా తేలుతుంది. కాబట్టి మిశ్రమాన్ని పరీక్ష రోజునే కలిపి, మూత బిగించిన లోహపు డబ్బాలో ఉంచి, ఇంజనుకు అందించే ముందు కొంత గాజు పాత్రలో పోసి పొరలు ఏర్పడ్డాయేమో చూడాలి.

బంకులో కొన్న పెట్రోలును స్వచ్ఛమైనదిగా భావించి లెక్క మొదలుపెట్టడం పెద్ద పొరపాటు, ఎందుకంటే అందులో ఇప్పటికే 20 శాతం వరకు ఇథనాల్ ఉండవచ్చు. కొలజాడీలో 90 మి.లీ. పెట్రోలుకు 10 మి.లీ. నీరు చేర్చి, మెల్లగా కుదిపి, మధ్యమధ్య మూత తెరిచి ఆవిరిని వదిలి, కాసేపు కదపకుండా ఉంచితే, అడుగు పొర పెరిగిన మేరకు ఇథనాల్ ఎంత ఉందో సుమారుగా తెలుస్తుంది.

పూర్తి దహనానికి పెట్రోలుకు బరువులో సుమారు 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. అంటే అంతే గాలికి ఇథనాల్ ఎక్కువ కావాలి; ఇంధన సరఫరాను పెంచకుండా నడిపితే గాలితో పోలిస్తే ఇంధనం తక్కువై ఇంజను తడబడుతుంది. ఇథనాల్ వల్ల రబ్బరు గొట్టాలు ఉబ్బాయేమో కూడా చూడాలి.

మిథనాల్ అనే మరో ఆల్కహాల్‌ను కొత్తవారు ముట్టకపోవడమే మేలని నా అభిప్రాయం: దాని మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు, ఆ విషం చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. ఆల్కహాల్ మంటలకు పనికివచ్చే అగ్నిమాపకాన్ని చేతికందేలా ఉంచాలి. ఇంజను పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు గనుక పొగ గొట్టాన్ని తప్పక గది బయటికి తీయాలి.